చుక్క కారకుండానే కూలెంట్ మాయం!

రాయ్‌పూర్ నుంచి జగదల్‌పూర్ మీదుగా విజయవాడ వైపు వచ్చే 30వ నంబరు జాతీయ రహదారిపై బస్తర్‌కు ముఖద్వారం కేశ్‌కాల్ ఘాట్. 12 మలుపుల ఆ ఎత్తును బరువు లారీలు తక్కువ గేరులో ఎక్కుతాయి. ఇంజన్‌కు పని ఎక్కువ, రేడియేటర్‌కు ఎదురుగాలి తక్కువ. దాగిన లోపాలు బయటపడేది ఇలాంటి చోటే.

ఉష్ణోగ్రత ముల్లు ఎర్రగీతను తాకుతుంది. ట్యాంకులో కూలెంట్ తగ్గింది, కింద నేల మాత్రం పొడిగానే ఉంది. మరి ఎటు పోయింది?

మొదటి అనుమానం రేడియేటర్ మూత. నీరు, ఇథిలీన్ గ్లైకాల్ సగం సగం కలిపిన కూలెంట్ మామూలు పీడనంలో సుమారు 107 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. మూత మరో బార్ పీడనాన్ని నిలిపితే 125 డిగ్రీలు దాటినా మరగదు. ప్రెషర్ కుక్కర్ సూత్రమే ఇది. మూతలోని స్ప్రింగు, రబ్బరు సీలు బలహీనపడితే కూలెంట్ ముందే మరిగి, ఆవిరై పోతుంది.

రెండోది హెడ్ గాస్కెట్. అది దెబ్బతింటే కూలెంట్ సిలిండర్‌లో చేరి సైలెన్సర్ నుంచి తెల్లని పొగగా వెళ్తుంది. లేదా ఆయిల్‌లో కలిసి దాన్ని పాలు పోసిన టీలా మారుస్తుంది. ఇంజన్ చల్లారాక మెకానిక్ చేతిపంపుతో కూలింగ్ వ్యవస్థలోకి గాలి ఎక్కిస్తాడు. బయట ఎక్కడా తడి లేకుండానే పీడనం పడిపోతే లీకు లోపలే ఉన్నట్టు.

కారణం వెతక్కుండా నీళ్లు పోస్తూ పోతే గ్లైకాల్ పలచబడి, కూలెంట్ మరింత త్వరగా మరుగుతుంది. ముల్లు ఎరుపెక్కితే బండి పక్కకు ఆపి, ఇంజన్ కట్టేయాలి. వేడి మీద మూత తీయకూడదు. పీడనం తగ్గిన మరుక్షణం లోపలి ద్రవం భగ్గున ఆవిరై ముఖాన్ని కాల్చేస్తుంది.