గీత గీసిన ఇల్లాలు

‘సంసారం అదు మిన్సారం’ 1986లో వచ్చిన తమిళ చిత్రం. తీసినవారు ఏ.వి.ఎం. వారు. రచన, దర్శకత్వం విసు గారివి. ఇంటి పెద్ద వేషమూ ఆయనదే. ఆరోగ్యకరమైన వినోదం పంచిన జనరంజక చిత్రమని కేంద్ర ప్రభుత్వం స్వర్ణకమలం ఇచ్చింది. మరుసటి ఏడే ‘సంసారం ఒక చదరంగం’ అని తెలుగులోనూ వచ్చింది. అందులో తండ్రి గొల్లపూడి మారుతీరావు గారు, పెద్ద కోడలు సుహాసిని గారు. ఇంట తెలుగు, బడిలో తమిళం అయిన మన రాజపాళయం వారికి రెండూ సొంత బొమ్మలే గదా! ఇంతమంది మెచ్చిన తమిళ చిత్రం నాకు మటుకు నిరాశే మిగిల్చింది.

కథ చాలామంది ఎరిగినదే. తండ్రి గుమాస్తా. పెద్ద కొడుకు ఇంటికిచ్చే డబ్బులో లెక్కలు తీస్తాడు. మాటకు మాట పెరుగుతుంది. తండ్రికి కోపం వచ్చి, ఇంటి నడుమ గీత గీయమంటాడు. ఎవరిని? భార్య గోదావరిని! ఆ మహాతల్లి గీస్తుంది. ఇటు కట్టుకున్నవాడు, అటు కడుపున పుట్టినవాడు. “నీ మనసులో ఏముందమ్మా?” అని ఎవరైనా అడుగుతారేమోనని కాచుకుని కూర్చున్నాను. కథ ముందుకు సాగిపోయింది. కమలా కామేష్ గారి ముఖంలో కనబడిన బాధే మనకు దక్కినది.

అటు తర్వాత చిక్కులన్నీ విప్పేది పెద్ద కోడలు ఉమ. లక్ష్మి గారు ఆ పాత్రను నిలబెట్టారు, కాదనను. చివర అందరూ మళ్ళీ కలిసిపోదామంటే ఉమ ఒప్పుకోదు. వేరుగా ఉండి అప్పుడప్పుడు కలుసుకుంటేనే ప్రేమ నిలుస్తుందంటుంది. ఇంకొకరైతే అందరినీ ఒకచోట నిలబెట్టి ఫోటో తీసి ‘శుభం’ వేసేవారు. ఈ ధైర్యానికి దర్శకులకు నమస్కారం. విమర్శకులు మెచ్చినదీ దీనినే కాబోలు.

అయితే, ఉమ మాట సరే, అత్తగారి మాట ఏది? మన ఇళ్ళలో అన్నదమ్ములు వేరు పడితే గిన్నెలు, చెంబుల పంపకం ఒక్క పూటలో తేలుతుంది. తేలనిది అమ్మ ఎవరి పొయ్యి దగ్గర ఉంటుందన్నదే. నెలకొకరి వంతని పెద్దలు తీర్పు చెబుతారు. ఆమె మూట కట్టుకుని తిరుగుతుంది. కొత్త కాలపు కుటుంబాన్ని చూపిస్తామన్న చిత్రం ఈ ఒక్క ప్రశ్న దగ్గర పాతకాలపు మగవాడిలాగే తల తిప్పుకుంది.

పనిమనిషి కణ్ణమ్మగా మనోరమ గారికి ఎంత చక్కని ఘట్టం ఇచ్చారు! అటువంటిది ఒక్క అయిదు నిమిషాలు గోదావరికీ ఇచ్చి ఉంటే నేను రెండోసారి టిక్కెట్టు కొనేదాన్ని.