కారుకి కరెంటు కొట్టించడం ఎలా?

మాంచెస్టర్‌లో నలుగురు తెలుగువాళ్ళు ఏ పుట్టినరోజు పార్టీలో కలిసినా ఇళ్ళ ధరల తరువాత ఇప్పుడు వచ్చే ప్రస్తావన ఎలెక్ట్రిక్ కార్లది. ఐటీ ఉద్యోగాల్లోనూ, ఎన్‌హెచ్‌ఎస్‌లోనూ ఉన్న చాలామంది కంపెనీ ద్వారా శాలరీ సాక్రిఫైస్ పథకంలో ఈ కార్లు తీసుకుంటున్నారు. టాక్సు కట్టకముందు జీతంలోంచే లీజు సొమ్ము పోతుంది కాబట్టి లెక్క బాగానే కనిపిస్తుంది. కారు రంగు, సీట్లు, తెర సైజు అన్నీ షోరూములో చెప్తారు. చార్జింగ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరికీ స్పష్టమైన జవాబు దొరకదు. నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు మూడు: కరెంటు బిల్లు ఎంత వస్తుంది? ఈ ఊరి వానలో షాక్ కొట్టదా? మా ఇంటికి డ్రైవ్‌వే లేదు, కొనొచ్చా?

ఈ మూడింటిలో మూడోదే అసలు ప్రశ్న. మీరు ఏ కారు కొన్నారు అన్నదాని కన్నా, ఆ కారు రాత్రిపూట ఎక్కడ నిలబడుతుంది అన్నదే మీ ఖర్చుని నిర్ణయిస్తుంది. అది ఎందుకో తెలియాలంటే కొంచెం కరెంటు లెక్క తెలియాలి.

యూనిట్లు, కిలోవాట్లు

కారు బేటరీ ఎంత పెద్దదో కిలోవాట్ అవర్లలో చెప్తారు. ఇది కొత్త కొలతేమీ కాదు. మన ఇళ్ళల్లో "ఈ నెల రెండు వందల యూనిట్లు కాలింది" అంటాం చూడండి, ఆ యూనిటే ఇది. చార్జర్ ఎంత వేగంగా నింపగలదో కిలోవాట్లలో చెప్తారు. యూనిట్లు బిందెలో పట్టే నీళ్ళయితే, కిలోవాట్లు కుళాయి ధార. 60 యూనిట్ల బేటరీ ఉన్న మామూలు కారు యూనిట్‌కి సుమారు 3.5 మైళ్ళు నడుస్తుందనుకుంటే, నిండు బేటరీతో 210 మైళ్ళు వెళ్తుంది. చలికాలంలో ఇంకా తక్కువ.

మన వాళ్ళు ఎక్కువగా వెళ్ళే దూరప్రయాణం ఒకటి తీసుకుందాం. మాంచెస్టర్ నుంచి బర్మింగ్‌హామ్ పక్కన టివిడేల్‌లో ఉన్న బాలాజీ గుడికి దాదాపు 85 మైళ్ళు. వెళ్ళి రావడానికి 170. రాత్రి ఇంట్లో నింపుకుని బయలుదేరితే వేసవిలో దారిలో ఎక్కడా ఆగనక్కరలేదు. జనవరిలో వైకుంఠ ఏకాదశికి వెళ్తే మాత్రం, హీటర్ వేసుకుని మోటర్‌వే మీద వెళ్తాం కాబట్టి, తిరుగు దారిలో ఒక పావుగంట ఆగడానికి సిద్ధపడాలి.

మూడు పిన్నుల ప్లగ్గు

అన్నిటికన్నా సులువైన పద్ధతి ఇంట్లో ఉన్న మామూలు సాకెట్టుకి తగిలించడం. బ్రిటన్‌లో ఇంటి సాకెట్టు 13 ఆంపియర్లది, 230 వోల్టులు. అయినా కారు తీగ సాధారణంగా 10 ఆంపియర్లు మాత్రమే లాగుతుంది. అంటే 2.3 కిలోవాట్లు. పూర్తి 13 ఎందుకు లాగదు?

జవాబు ఈ ఊరివాడే చెప్పాడు. మాంచెస్టర్‌ని ఆనుకుని ఉన్న సాల్‌ఫర్డ్‌లో 1818లో పుట్టిన జేమ్స్ ప్రెస్కాట్ జూల్ బీరు తయారుచేసే కుటుంబంలోని వాడు. శక్తి కొలతకి మనం వాడే జూల్ అన్న పేరు ఆయనదే. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గానికి అనులోమంగా ఉంటుందని 1840 ప్రాంతంలో ఆయన ప్రయోగాలు చేసి తేల్చాడు. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లవుతుంది. మన కెటిల్ కూడా 13 ఆంపియర్ల దాకా లాగుతుంది కానీ మూడు నిమిషాల్లో ఆగిపోతుంది. కారు పది పన్నెండు గంటలు ఆపకుండా లాగుతుంది. పాత సాకెట్టులో ఎక్కడైనా పట్టు వదులుగా ఉంటే అక్కడ నిరోధం పెరుగుతుంది, వేడి పెరుగుతుంది, ప్లాస్టిక్ కరుగుతుంది. చుట్టగా చుట్టి ఉన్న ఎక్స్‌టెన్షన్ రీలుకి కారుని తగిలించకూడదనడానికి కారణం ఇదే: చుట్టలో పుట్టిన వేడి బయటికి పోయే దారి ఉండదు.

అలా అని మూడు పిన్నుల ప్లగ్గుని తీసిపారేయనక్కరలేదు. రోజుకి ఇరవై ముప్ఫై మైళ్ళు తిరిగేవారికి రాత్రి ఆరు గంటలు పెడితే 40 మైళ్ళకి సరిపడా ఎక్కుతుంది. ఎలెక్ట్రీషియన్ చేత సాకెట్టుని పరీక్ష చేయించుకుంటే చాలు.

గోడకి పెట్టే డబ్బా

ఇంటి బయట గోడకి బిగించే 7 కిలోవాట్ల డబ్బాని అందరూ చార్జర్ అంటారు. నిజానికి అది చార్జర్ కాదు. ఇంటికి వచ్చేది ఏసీ, అంటే ఏకాంతర విద్యుత్తు. బేటరీకి కావలసింది డీసీ, అంటే ఏకముఖ విద్యుత్తు. ఒకదాన్ని రెండోదిగా మార్చే అసలు చార్జర్ కారు లోపలే ఉంటుంది. గోడ మీద ఉన్నది తెలివైన స్విచ్చి. అది 32 ఆంపియర్ల దాకా ఇవ్వగలదు కాబట్టి 230తో గుణిస్తే సుమారు 7.4 కిలోవాట్లు.

కంప్యూటర్లు చదువుకున్నవాడిగా నాకు ముచ్చటగా అనిపించేది ఈ స్విచ్చికీ కారుకీ మధ్య జరిగే సంభాషణ. తీగలో కరెంటు పోయే లావు పిన్నులు కాక ఒక సన్నటి పిన్ను ఉంటుంది. దాని మీద డబ్బా 12 వోల్టులు పెట్టి ఎదురుచూస్తూ ఉంటుంది. కారుకి తగిలించగానే కారులోని చిన్న రెసిస్టర్ వల్ల అది 9కి పడిపోతుంది. "ఎవరో వచ్చారు" అని డబ్బాకి తెలుస్తుంది. అప్పుడది సెకనుకి వెయ్యి సార్లు కొట్టుకునే ఒక సంకేతం పంపుతుంది. ఆ కొట్టుకోవడంలో సంకేతం ఎంత భాగం సేపు పైస్థాయిలో ఉందో దాన్నిబట్టి ఎన్ని ఆంపియర్లు లాగొచ్చో కారు తెలుసుకుంటుంది. 53 శాతం అయితే 32 ఆంపియర్లు, 27 శాతం అయితే 16. కారు సిద్ధమని చెప్పడానికి వోల్టేజిని 6కి దించుతుంది. అప్పుడు గాని డబ్బాలో స్విచ్చి పడదు, లావు పిన్నుల్లోకి కరెంటు రాదు.

వాన ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది. మీరు వానలో తడుస్తూ ప్లగ్గు చేత్తో పట్టుకున్నప్పుడు దాంట్లో ప్రాణం తీసే కరెంటు లేదు. చార్జింగ్ జరిగేటప్పుడు ప్లగ్గు కారుకి తాళం పడి ఉంటుంది. ఎలాగో ఊడినా సన్నటి పిన్ను సంబంధం తెగగానే స్విచ్చి ఆగిపోతుంది.

బిగించే ముందు చూడవలసినవి

డబ్బా, పనితనం కలిపి సుమారు వెయ్యి పౌండ్లు అవుతుంది. ముందుగా మూడు విషయాలు చూసుకోవాలి.

మొదటిది, ఇంటి మెయిన్ ఫ్యూజు. ఇది 60, 80 లేదా 100 ఆంపియర్లది. ఎలెక్ట్రిక్ షవర్ ఒక్కటే 40 ఆంపియర్లు లాగుతుంది. దానికి కారు 32 కలిపి, వంటింట్లో ఓవెన్ కూడా వేస్తే 60 ఆంపియర్ల ఫ్యూజు తట్టుకోలేదు. ఇంటి మొత్తం వాడకాన్ని కనిపెట్టి, షవర్ వేసినప్పుడు కారు వాటా తగ్గించే డబ్బాలు దొరుకుతాయి. పాత ఇళ్ళలో అదే తీసుకోవాలి.

రెండోది, పాత టెర్రస్ ఇళ్ళకీ, సెమీ ఇళ్ళకీ ఉండే ప్రత్యేక సమస్య. వీధిలోంచి వచ్చిన ఒక్క తీగే మీ ఇంటికి వచ్చి, అక్కడినుంచి పక్కింటికి వెళ్తుంది. దీన్ని లూప్డ్ సప్లై అంటారు. రెండిళ్ళ భారం ఒకే తీగ మీద ఉంటుంది కాబట్టి దాన్ని విడదీసేదాకా పూర్తి వేగపు డబ్బాకి అనుమతి రాకపోవచ్చు. ఆ పని మన ప్రాంతంలో వీధి తీగల యజమాని అయిన ఎస్‌పీ ఎలెక్ట్రిసిటీ నార్త్ వెస్ట్ చేయాలి. పక్కింటివారి ఒప్పుకోలు కూడా కావలసి రావచ్చు. లీజు పత్రం మీద సంతకం పెట్టకముందే మీటరు పెట్టె ఫొటో తీసి ఇన్‌స్టాలర్‌కి పంపడం మంచిది.

మూడోది ఎర్తింగ్. ఇక్కడ చాలా ఇళ్ళలో న్యూట్రల్, ఎర్త్ వీధి దాకా ఒకే తీగ. అది నేలలో ఎక్కడైనా తెగితే ఇంటి ఎర్త్‌కి కలిపిన లోహమంతా కరెంటు పట్టుకునే ప్రమాదం ఉంది. ఇంట్లో ఉన్నవాళ్ళ కన్నా, తడి నేల మీద నిలబడి కారు తలుపు ముట్టుకున్నవాళ్ళకి ఇది ఎక్కువ ముప్పు. అందుకే ఇక్కడ అమ్మే డబ్బాల్లో చాలావరకు ఈ లోపాన్ని పసిగట్టి, ఎర్త్‌తో సహా అన్నీ తెంచే ఏర్పాటు ఉంటుంది. ఎక్కడినుంచో చవకగా తెప్పించిన డబ్బాలో అది ఉండకపోవచ్చు.

బిల్లు ఎంత?

2025 చివర్లో ఆఫ్‌జెమ్ నియంత్రణలో ఉన్న మామూలు రేటు యూనిట్‌కి సుమారు 26 పెన్నీలు. ఎలెక్ట్రిక్ కార్ల కోసం ఉన్న ప్రత్యేక టారిఫ్‌లలో అర్ధరాత్రి కొన్ని గంటలు 7 నుంచి 9 పెన్నీలకే ఇచ్చారు. పగటి రేటు కొంచెం ఎక్కువ ఉంటుంది, అది గమనించుకోవాలి. మోటర్‌వే పక్కన వేగంగా నింపే స్టేషన్లలో అదే యూనిట్ 75 పెన్నీలకి అటూ ఇటూగా ఉంది. ఇంటి కరెంటు మీద వ్యాట్ 5 శాతం అయితే, బయట స్టేషన్లలో 20 శాతం చొప్పున వసూలు చేస్తూ వచ్చారు.

వంద మైళ్ళకి లెక్క వేద్దాం. ఏసీ నుంచి డీసీకి మారేటప్పుడు పోయే నష్టాన్ని కలిపితే ఇంట్లో 32 యూనిట్లు కావాలి. 7 పెన్నీల రేటున రెండుంపావు పౌండ్లు. 26 పెన్నీల రేటున ఎనిమిది పౌండ్లు. బయట 75 పెన్నీల చొప్పున 29 యూనిట్లకి దాదాపు 22 పౌండ్లు. గ్యాలనుకి 40 మైళ్ళిచ్చే పెట్రోలు కారుకి, లీటరు 1.35 పౌండ్లనుకుంటే, 15 పౌండ్లు అవుతుంది. అంటే ఇంట్లో నింపుకునేవారికి పెట్రోలులో ఏడో వంతు ఖర్చు. ఎప్పుడూ బయటే నింపుకునేవారికి పెట్రోలు కన్నా ఎక్కువ! కారు అదే, ఊరు అదే. తేడా డ్రైవ్‌వే ఒక్కటే. పైగా 2028 ఏప్రిల్ నుంచి ఎలెక్ట్రిక్ కార్ల మీద మైలుకి 3 పెన్నీల పన్ను వేస్తామని 2025 నవంబరు బడ్జెట్‌లో ప్రకటించారు. వంద మైళ్ళకి ఇంకో మూడు పౌండ్లు వేసుకోండి.

రాత్రి రేటు అంత చవక ఎందుకంటే అప్పుడు గాలిమరలు తిరుగుతూనే ఉంటాయి, వాడేవారుండరు. 2022 జూన్ 30 నుంచి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం కొత్త ఇంటి డబ్బాలన్నీ రద్దీ గంటలు తప్పించుకునేలా సెట్ చేసి రావాలి. ఊళ్ళో అన్ని కార్లూ ఒకే క్షణంలో మొదలైతే గ్రిడ్ కుదుపుకి లోనవుతుంది కాబట్టి, ఒక్కో డబ్బా పది నిమిషాల లోపు యాదృచ్ఛికంగా ఆలస్యం చేసి మొదలుపెట్టాలి. నెట్‌వర్క్ ప్రోగ్రాములు రాసేవారికి ఈ ఉపాయం బాగా పరిచయమే.

బయట స్టేషన్లు

గ్రేటర్ మాంచెస్టర్‌లో పబ్లిక్ చార్జర్ల వ్యవస్థ 2013లో జీఎంఈవీ పేరుతో మొదలై తరువాత బీ.ఈవీగా పెరిగింది. ఇతర కంపెనీలవీ చాలా ఉన్నాయి. వీటిలో రెండు రకాలు. కార్ పార్కుల్లో, వీధుల్లో ఉండే 7 నుంచి 22 కిలోవాట్ల ఏసీ స్తంభాలు మొదటి రకం. 22 అని రాసి ఉన్నా మీ కారు లోపలి చార్జర్ 7 దాటకపోతే మీకు వచ్చేది 7 మాత్రమే. రెండో రకం 50 నుంచి 350 కిలోవాట్ల డీసీ యంత్రాలు. ఇక్కడ చార్జర్ బయటే ఉంటుంది, డీసీ నేరుగా బేటరీలోకి పోతుంది. కొత్త కార్లన్నిటికీ దాదాపుగా సీసీఎస్ ప్లగ్గే. సెకండ్‌హ్యాండ్‌లో పాత నిస్సాన్ లీఫ్ చవకగా వచ్చిందని కొనేవారు మాత్రం దానిది చాడెమో ప్లగ్గని, కొత్త స్టేషన్లలో అది అరుదని తెలుసుకోవాలి.

వేగపు చార్జర్లలో కూడా 80 శాతం దాటాక నింపడం నెమ్మదిస్తుంది. ఆర్టీసీ బస్సు ఖాళీగా ఉన్నప్పుడు జనం గబగబా ఎక్కి కూచుంటారు. సీట్లు నిండాక ఒక్కొక్కరినీ సర్దుకుంటూ ఎక్కించాలి. లిథియం అయాన్ల సంగతీ అంతే. తొందరపెడితే బేటరీ దెబ్బతింటుంది కాబట్టి కారే కరెంటు తగ్గిస్తుంది. దారిలో ఆగినప్పుడు 80 దాకా నింపుకుని బయలుదేరడమే లాభం.

2023 నవంబరు నుంచి అమలైన నిబంధనల వల్ల ఈ స్టేషన్లు కొంత దారికొచ్చాయి. ధర యూనిట్‌కి ఇన్ని పెన్నీలని స్పష్టంగా చెప్పాలి. 2024 నవంబరు నుంచి 50 కిలోవాట్లూ ఆపైవి అన్నీ కాంటాక్ట్‌లెస్ కార్డు తీసుకోవాలి. వేగపు చార్జర్ల నెట్‌వర్క్ ఏడాదిలో సగటున 99 శాతం కాలం పనిచేయాలి.

డ్రైవ్‌వే లేనివారు

రషోమ్, లెవెన్షుల్మ్, లాంగ్‌సైట్ లాంటి చోట్ల టెర్రస్ ఇళ్ళ తలుపు నేరుగా పేవ్‌మెంట్ మీదికి తెరుచుకుంటుంది. మన కుర్రాళ్ళు మొదట అద్దెకు దిగేది ఇలాంటి ఇళ్ళల్లోనో, సిటీ సెంటర్ ఫ్లాట్లలోనో. పేవ్‌మెంట్ మీదుగా తీగ లాగడం సరికాదు. ముసలివాళ్ళు తట్టుకుని పడితే బాధ్యత మీ మీద పడుతుంది. పేవ్‌మెంట్‌లో సన్నటి కాలువ తవ్వి, మూత కింద తీగ పోయేలా చేసే పద్ధతికి కౌన్సిల్ అనుమతి కావాలి. ఇంగ్లాండ్‌లో ఇలాంటి కాలువల కోసం 2025లో ప్రభుత్వం కౌన్సిళ్ళకి 2.5 కోట్ల పౌండ్లు కేటాయించింది. మీ కౌన్సిల్ ఇస్తోందేమో కనుక్కోండి. 2022 జూన్ 15 తరువాత అనుమతి కోరిన కొత్త ఇళ్ళకి, పార్కింగ్ ఉంటే, బిల్డరే చార్జింగ్ పాయింట్ పెట్టాలి. కొత్త ఇల్లు కొనేవారికి అదొక వెసులుబాటు. హైదరాబాదు అపార్ట్‌మెంట్లలోనూ ఇదే చిక్కు: 2024 నవంబరులో తెలంగాణ రోడ్డు టాక్సు తీసేసినా, స్టిల్ట్ పార్కింగ్‌లో మీటరు పెట్టుకోవాలంటే అసోసియేషన్ ఒప్పుకోవాలి.

కాబట్టి నన్ను అడిగినవారికి నేను చెప్పేది ఇది. డ్రైవ్‌వే ఉంటే నిశ్చింతగా తీసుకోండి. రోజుకి ముప్ఫై మైళ్ళ లోపైతే వాల్‌బాక్సుకి తొందర కూడా లేదు. డ్రైవ్‌వే లేకపోయినా ఆఫీసులో చవకగా చార్జింగ్ ఉంటే తీసుకోవచ్చు. రెండూ లేకపోతే, వారం రోజులు మీ ఇంటి చుట్టుపక్కల ఏసీ స్తంభాలు రాత్రిపూట ఖాళీగా ఉంటున్నాయో లేదో, యూనిట్ ధర ఎంతో చూసి లెక్క వేసుకోండి. యూనిట్ 50 పెన్నీలు దాటితే పెట్రోలు మీద పెద్దగా మిగిలేది ఉండదు. అలాంటివారు కాలువకి కౌన్సిల్ అనుమతి వచ్చేదాకానో, ఇల్లు మారేదాకానో పాత కారుతోనే ఇంకో ఏడాది నెట్టుకురావడం మంచిది.