నీలం వెలిసిపోయినంత మాత్రాన

వరిలో పాముపొడ తెగులుకు కొట్టే థైఫ్లుజమైడ్ మందు శిలీంధ్రానికి గాలి ఉన్నా ఊపిరాడనివ్వదు. తిండి నుంచి తీసిన ఎలక్ట్రాన్లను ఒకదాని తర్వాత ఒకటి అందుకుని చివరికి ఆక్సిజన్‌కు అప్పగించే ప్రోటీన్లు మైటోకాండ్రియాలో ఉంటాయి. ఎలక్ట్రాన్ ఇవ్వడం ఆక్సీకరణం, పుచ్చుకోవడం క్షయకరణం. రెండూ కలిస్తే రెడాక్స్. ఈ మందు ఆ వరుసలోని రెండో కాంప్లెక్స్‌ను, అంటే సక్సినేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమును పట్టేస్తుంది.

పట్టేసిందని ల్యాబ్‌లో ఎలా తెలుస్తుంది? ఎలక్ట్రాన్ కంటికి కనబడదు. అందుకే దాన్ని పుచ్చుకోగానే రంగు పోయే పదార్థాన్ని వాడతారు. డీసీపీఐపీ అలాంటి నీలి రంగు. చిన్న క్యువెట్‌లో మైటోకాండ్రియా, ఈ రంగు పోస్తారు. ఎలక్ట్రాన్లు ఆక్సిజన్ వైపు జారిపోకుండా ముందే కాస్త సైనైడో ఎజైడో వేసి ఆ దారి మూసేస్తారు. 600 నానోమీటర్ల కాంతి పంపుతూ, ఈ ఎంజైముకు ఎలక్ట్రాన్లిచ్చే సక్సినేట్ కలపగానే నీలం తగ్గడం మొదలవుతుంది, తెరమీద గీత కిందికి దిగుతుంది. ఆ వాలే ఎంజైము వేగం. మందు వేస్తే వాలు తగ్గుతుంది. వేగాన్ని సగానికి తెచ్చే మోతాదే ఐసీ50. ఇదే పని 384 గుంటల ప్లేట్లలో యంత్రాలతో చేయిస్తే వేల రసాయనాలను జల్లెడ పట్టొచ్చు.

చిక్కంతా ఇక్కడే. ఎలక్ట్రాన్ ఎవరిచ్చారన్న పట్టింపు డీసీపీఐపీకి లేదు. నిమ్మరసం పిండినా నీలం పోతుంది. కాలేజీ ల్యాబుల్లో విటమిన్-సి కొలిచేది అలాగే. ఇలా ఎలక్ట్రాన్లిచ్చే పదార్థాలున్న ఆకు పసరును మందుగా పరీక్షిస్తున్నప్పుడు ఎంజైము ఆగిపోయినా రంగు వెలుస్తూనే ఉండొచ్చు, మంచి నిరోధకం చేజారిపోవచ్చు. కణాలు బతికున్నాయో లేదో చెప్పే ఎంటీటీ పరీక్షకూ ఇదే బలహీనత: పసుపు ఊదాగా మారితే కణం బతికుందంటారు గానీ, ఆ మార్పు పసరు ఒక్కటే తేగలదు. విరుగుడు చవకే. ఎంజైము గానీ కణాలు గానీ లేకుండా మందు, రంగు మాత్రమే వేసిన గుంట ఒకటి పక్కన పెట్టాలి. ఆ గుంట చూపని ఫలితాన్ని నేనైతే నమ్మను.

పొరపాటు రెండోవైపూ జరుగుతుంది. కొన్ని రసాయనాలు నీళ్లలో ముద్దకట్టి ఏ ఎంజైమునైనా చుట్టేస్తాయి. రవ్వంత డిటర్జెంట్ కలిపితే ప్రభావం మాయమైందా, అది నకిలీ అని అనుమానించాల్సిందే.

రంగు పరీక్ష నెగ్గినదాన్ని ఆక్సిజన్ ఎలక్ట్రోడ్ దగ్గరికి తెస్తారు. 1950ల్లో లీలండ్ క్లార్క్ రూపొందించిన ఈ పరికరం మైటోకాండ్రియా ఎంత వేగంగా ఆక్సిజన్ వాడుకుంటోందో చూపుతుంది. గ్లుటమేట్, మాలేట్ ఇస్తే ఎలక్ట్రాన్లు ప్రధానంగా మొదటి కాంప్లెక్స్ గుండా వస్తాయి, సక్సినేట్ ఇస్తే రెండోదాని గుండా. మందు వేశాక మొదటి దారి నడుస్తూ రెండోది ఆగితే దోషి దొరికినట్టే. రెండూ ఆగితే అడ్డు ఆ రెండు దారులూ కలిశాక ఎక్కడో ఉంది. మూడో కాంప్లెక్స్‌ను పట్టే అజాక్సీస్ట్రోబిన్‌తో జరిగేది అదే.

మనిషి మైటోకాండ్రియాలోనూ ఈ ఎంజైములే ఉన్నాయి. అందుకని శిలీంధ్రపు ఎంజైముతో చేసిన పరీక్షను క్షీరదాల ఎంజైముతోనూ చేసి, రెండు ఐసీ50ల మధ్య తేడా ఎంతో చూడాలి. ఆ తేడా తేలకుండా ఏ మందునూ పొలానికి పంపకూడదు.