ఉప్పునీటి చేపల తొట్టె: నీటి జమాఖర్చు రాయడం ఎలా?

మన సంఘ సభ్యుల ఇళ్లలో ఈ మధ్య ఉప్పునీటి చేపల తొట్టెలు కనిపిస్తున్నాయి. గోల్డ్ ఫిష్ ఉండే మంచినీటి తొట్టె కాదు. నారింజ రంగు క్లౌన్ చేపలు, మెత్తటి పగడాలు, గులాబీ పొర పట్టిన రాళ్లు ఉండే సముద్రపు తొట్టె. సాధారణంగా పిల్లలు మోజుపడి కొంటారు. తరువాత చదువుకో, ఉద్యోగానికో ఊరు దాటుతారు. తొట్టె అమ్మానాన్నల చేతికో, తాతయ్య చేతికో వస్తుంది. పరీక్ష కిట్టు మీద సూచనలు ఇంగ్లీషులో ఉంటాయి. దుకాణదారు తమిళంలోనో, కన్నడంలోనో చెబుతాడు. అందుకే ఈ సంగతులన్నీ మన భాషలో ఒకచోట రాసిపెట్టమని కొందరు సభ్యులు అడిగారు.

క్లౌన్ చేపను సరిగ్గా చూసుకుంటే పదేళ్లకు పైగా బతుకుతుంది. అయినా ఏడాది తిరగకముందే ఖాళీ అయిన తొట్టెలు ఎన్నో చూశాను. చాలా ఇళ్లలో కారణం ఒకటే: నీటిలో ఏది పెరిగింది, ఏది తగ్గింది అన్నది ఎవరూ రాయరు. మూడు దశాబ్దాలకు పైగా ఆఫీసులో లెడ్జరు రాసినవాడిగా చెబుతున్నాను, ఈ తొట్టె కూడా ఒక ఖాతాయే. జమ, ఖర్చు, నిల్వ తెలిస్తే సగం పని అయినట్టే.

ముందుగా నీరు

బోరు నీరు, లారీ నీరు, కుళాయి నీరు నేరుగా పోయకూడదు. వాటిలో క్లోరిన్, నైట్రేటు, ఫాస్ఫేటు, లోహాలు ఉండవచ్చు. ఇంట్లో ఆర్‌ఓ యంత్రం ఉందిగా అనుకోవద్దు. తాగే నీటికి రుచి రావాలని చాలా యంత్రాలలో కొంత పచ్చినీటినో, ఖనిజాలనో తిరిగి కలుపుతారు. తొట్టెకు కావలసింది టీడీఎస్ దాదాపు సున్నా ఉన్న నీరు. దానికి ఆర్‌ఓ తరువాత డీఐ రెజిన్ గొట్టం ఒకటి అదనంగా పెట్టాలి. టీడీఎస్ మీటరుతో చూసుకుని పోయాలి.

రాగి బిందె, ఇత్తడి చెంబు తొట్టె పనికి వాడకండి. మనకు రాగి మంచిదే గాని, పగడాలకు, నత్తలకు, రొయ్యలకు అది కొంచెం కలిసినా విషమే. చేపల జబ్బులకు అమ్మే కొన్ని మందులలోనూ రాగి ఉంటుంది. సీసా మీద చదివి చూడండి.

సముద్రం దగ్గరే కదా, నీళ్లు తెచ్చుకుంటే పోలేదా అని అడుగుతారు. చెన్నైలో కూవం, అడయారు నదులు నగరపు మురుగుతో సముద్రంలో కలుస్తాయి. యానాం వైపు గౌతమీ గోదావరి నీరు కలవడం వల్ల తీరంలో ఉప్పు శాతం కాలాన్ని బట్టి మారుతుంది. బరంపురం వారు గోపాలపూరు నుంచి డబ్బాల్లో తెచ్చినా, ఆ నీటిలో ఏముందో ఇంట్లో తేల్చుకోలేరు. ఆర్‌ఓ నీటిలో సముద్రపు ఉప్పు మిశ్రమం కలుపుకోవడమే క్షేమం. వంట ఉప్పు మాత్రం పనికిరాదు. అందులో ఉండేది సోడియం క్లోరైడే, తొట్టెకు కావలసిన కాల్షియం, మెగ్నీషియం ఉండవు.

ఉప్పు శాతం: ఆవిరి లెక్క

సముద్రంలో వెయ్యి గ్రాముల నీటికి సుమారు 35 గ్రాముల ఉప్పులు ఉంటాయి. తొట్టెలోనూ అంతే ఉండాలి. 20 లీటర్ల కొత్త నీరు కలపడానికి 700 గ్రాములకు కాస్త ఎక్కువ పడుతుంది. కచ్చితమైన కొలత డబ్బా మీద ఉంటుంది. నీటిలో ఉప్పు వేయాలి, ఉప్పు మీద నీళ్లు పోయకూడదు. ముందురోజే కలిపి, చిన్న పంపుతో తిప్పుతూ ఉంచాలి.

ఇక్కడే చాలామంది తడబడతారు. నీరు ఆరిపోతుంది గాని ఉప్పు ఆరిపోదు. మే నెలలో ఫ్యాను పెట్టిన 200 లీటర్ల తొట్టెలో రోజుకు 4 లీటర్లు ఆవిరైందనుకుందాం. ఐదు రోజులకు 20 లీటర్లు పోయాయి. ఉప్పు అంతా మిగిలిన 180 లీటర్లలోనే ఉంది. 35 కాస్తా దాదాపు 39 అవుతుంది. సముద్రపు చేప కదా అని ఆ లోటును ఉప్పునీటితో పూడిస్తే, వారం వారం ఉప్పు పెరుగుతూ పోతుంది. ఆరిన నీటికి బదులు మంచినీరు, అంటే ఉప్పు కలపని డీఐ నీరే పోయాలి. అదీ రోజూ కొంచెం కొంచెంగా. గాజు మీద టేపుతో గీత పెట్టుకుంటే ఎంత తగ్గిందో పిల్లవాడైనా చెప్పగలడు.

వేడి కూడా గమనించండి. 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంచడం మంచిది. ఎండాకాలంలో ఫ్యాను చాలకపోతే చిల్లరు తప్పదు.

కెహెచ్, కాల్షియం: ఒకే పద్దులో రెండు ఖర్చులు

గులాబీ పొర, నత్తలు, గొట్టపు పురుగులు, ఇవన్నీ నీటిలోంచి సున్నం తీసుకుని తమ పెంకు కట్టుకుంటాయి. మెత్తటి పగడాల ఒంట్లోనూ సన్నని సున్నపు సూదులుంటాయి. ఆ సున్నానికి రెండు సరుకులు కావాలి. ఒకటి కాల్షియం. రెండోది ఆల్కలినిటీ, దుకాణాల్లో దీన్నే కెహెచ్ అంటారు. కాల్షియం 400 నుంచి 450 పీపీఎం, కెహెచ్ 7 నుంచి 10 డీకేహెచ్ మధ్య ఉండాలి.

ఈ రెండూ ఒక నిష్పత్తిలో ఖర్చవుతాయి. 2.8 డీకేహెచ్ తగ్గితే కాల్షియం సుమారు 20 పీపీఎం తగ్గుతుంది. ఒక వారంలో కెహెచ్ 9 నుంచి 6కు పడిందనుకోండి. అదే వారంలో కాల్షియం 420 నుంచి 399 దాకా మాత్రమే దిగుతుంది. కాల్షియం చూసినవాడు అంతా బాగుందనుకుంటాడు. కెహెచ్ చూసినవాడికి మూడోవంతు నిల్వ ఖాళీ అయిందని తెలుస్తుంది. అందుకే కెహెచ్ వారానికి రెండుసార్లు, కాల్షియం వారానికి ఒకసారి పరీక్షించాలి. మెగ్నీషియం 1250 నుంచి 1350 మధ్య ఉండాలి. అది మెల్లగా మారుతుంది కాబట్టి నెలకోసారి చాలు. కాల్షియం, కార్బొనేటు నీటిలోనే కలిసి సున్నంగా దిగిపోకుండా కాపాడేది ఈ మెగ్నీషియమే.

తగ్గిన కెహెచ్‌కు వంట సోడా చాలు. బేకింగ్ పౌడరు కాదు, స్వచ్ఛమైన సోడియం బైకార్బొనేటు. 100 లీటర్ల నీటిలో 1 డీకేహెచ్ పెంచడానికి సుమారు 3 గ్రాములు పడుతుంది. రాళ్లు, ఇసుక తీసేస్తే తొట్టెలో నిజంగా ఎంత నీరుందో దాని మీదే లెక్క వేయాలి. డీఐ నీటిలో కరిగించి, ప్రవాహం ఉన్నచోట మెల్లగా పోయాలి. ఒక రోజులో 1 డీకేహెచ్ కంటే ఎక్కువ పెంచవద్దు. కాల్షియం క్లోరైడు వేయవలసి వస్తే వేరే వేళ వేయాలి. రెండూ ఒకేసారి ఒకేచోట పడితే నీరు తెల్లబడి, వేసిందంతా సున్నంగా అడుగుకు చేరుతుంది.

రెండూ సమంగా ఇచ్చే పాత పద్ధతి సున్నపు తేట. జర్మన్లు దీన్ని కాల్క్‌వాసర్ అన్నారు. కాల్షియం హైడ్రాక్సైడును డీఐ నీటిలో కలిపి, తేరుకున్న తరువాత పైనీటిని మాత్రమే రాత్రిపూట చుక్కలు చుక్కలుగా వదలాలి. దీని పీహెచ్ 12 దాటుతుంది. ఒక్కసారి గుమ్మరిస్తే చేపలు చస్తాయి, కంట్లో పడితే మనకూ ప్రమాదమే. తాంబూలపు సున్నం, వెల్లసున్నం వాడవద్దు. వాటిలో ఏం కలిసిందో తెలియదు.

మలిన పదార్థాలు, పీహెచ్

కొత్త తొట్టెలో మేలుచేసే సూక్ష్మజీవులు స్థిరపడడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు వచ్చేదాకా చేపను తేవద్దు. పీహెచ్ ఎక్కువగా ఉండే ఉప్పునీటిలో అమ్మోనియా మరింత విషపూరితం. తరువాత మిగిలేది నైట్రేటు. దాన్ని 10 పీపీఎం లోపు ఉంచడానికి మేత తగ్గించడం, వారానికి పదోవంతు నీరు మార్చడం మంచి మార్గాలు.

ఏసీ కోసం కిటికీలన్నీ మూసిన గదిలో పీహెచ్ పడిపోతే సోడా వేయకండి. మనుషులు వదిలిన బొగ్గుపులుసు వాయువు నీటిలో చేరడమే దానికి తరచుగా కారణం. కెహెచ్ సరిగ్గా ఉంటే కిటికీ తెరవండి, చాలు.

ఏది కొనవచ్చు, ఏది కొనకూడదు

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో 2001లో రాతి పగడాలన్నింటినీ చేర్చారు. దుకాణంలో లైవ్ రాక్ పేరుతో అమ్మేది సముద్రం నుంచి పెకలించిన పగడపు ముక్క కావచ్చు. చచ్చిన ముక్క అయినా చిక్కే. ఈ చట్టం ఎందుకు అవసరమైందో తమిళనాడులోని మనవారికి తెలిసే ఉంటుంది. మన్నారు సింధుశాఖలో ఒకప్పుడు సున్నం కోసం పగడాలను తవ్వుకుపోయారు. అక్కడి 21 ద్వీపాలను 1986లో జాతీయ సముద్ర ఉద్యానంగా ప్రకటించారు. వాటిలో రెండు ఇప్పటికే మునిగిపోయాయి.

కనుక సిరామిక్ రాళ్లు కొనండి. క్లౌన్ చేపలను సముద్రంలో పట్టకుండానే పెంచే పద్ధతిని మండపంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, పరంగిపేటలోని అణ్ణామలై విశ్వవిద్యాలయ కేంద్రం అభివృద్ధి చేశాయి. హేచరీలో పుట్టిన చేపేనా అని దుకాణంలో అడగండి, రశీదు తీసుకోండి. విదేశాల్లోని మన పిల్లలు రాతి పగడాల తొట్టెల వీడియోలు పంపుతారు. ఆ తొట్టెలకు రోజూ పోసే మోతాదు మన తొట్టెకు పనికిరాదు. వాటి ఖర్చు వేరు, మన ఖర్చు వేరు.

రిజిస్టరు

ఒక నోటు పుస్తకం తీసుకుని ఏడు గడులు గీయండి: తేదీ, వేడి, ఉప్పు, కెహెచ్, కాల్షియం, నైట్రేటు, ఏమి ఎంత పోశాం. పరీక్ష ఎప్పుడూ ఒకే వేళకు చేయండి. నెల రోజులు రాస్తే మీ తొట్టె వారానికి ఎంత ఖర్చు పెడుతుందో తెలుస్తుంది. అంతే జమ చేయండి. కెహెచ్ 8 మంచిదా, 9 మంచిదా అన్న వాదన అవసరం లేదు. ఏదైనా ఒకచోట నిలకడగా ఉంచడమే ముఖ్యం. ఒకరోజు 7, మరునాడు 10 అయితే ఏ పగడమూ తట్టుకోదు.

పిల్లలు ఊరు వెళ్లేముందు ఆ పుస్తకాన్ని వారి చేతే రాయించి, ఒక నెల మీరు పక్కన కూర్చుని చూడండి. ఆఫీసులో చార్జి అప్పగించేటప్పుడు నిల్వ చూపించి సంతకం తీసుకుంటాం. ప్రాణాలున్న తొట్టెను అప్పగించేటప్పుడు ఆ మాత్రం పద్ధతి ఉండాలి కదా.