ఈ మొండితనం ఎక్కడ నేర్చుకున్నాడు?

రాత్రి ఎనిమిదైంది. పప్పన్నం కలిపి పట్టుకుని కూర్చున్నారు. మూడేళ్ల బాబు ఫోను కావాలంటున్నాడు. ఈ పూట ఇవ్వకూడదని ఉదయమే గట్టిగా అనుకున్నారు. ‘వద్దు నాన్నా’ అన్నారు. ఏడ్చాడు. ‘తిన్నాక ఇస్తా’ అన్నారు. నేల మీద పడి దొర్లాడు. పక్క ఫ్లాట్ వాళ్లకు వినపడుతుందేమోనని మీకు బెంగ. ‘పసివాణ్ని అలా ఏడిపిస్తారా?’ అని హాల్లోంచి నానమ్మ కేక. ఫోను చేతికిచ్చారు. ఏడుపు టక్కున ఆగింది. ‘ఇంత మొండితనం ఎక్కడ నేర్చుకున్నాడో!’ అని నిట్టూర్చారు.

సమాధానం కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. ఆ పావుగంటలో, మీ దగ్గరే నేర్చుకున్నాడు.

అమెరికా మనస్తత్వవేత్త థార్న్‌డైక్ ఆకలిగా ఉన్న పిల్లుల్ని పెట్టెల్లో పెట్టి, బయట తిండి ఉంచేవారు. పిల్లి గీకేది, కొరికేది, అటూ ఇటూ తిరిగేది. ఏదో ఒక క్షణాన గడియ మీద కాలు పడి తలుపు తెరుచుకునేది. మళ్లీ మళ్లీ పెడుతుంటే పనికిరాని చేష్టలు తగ్గి, గడియ నొక్కడమే మిగిలింది. 1898లో ఆయన ప్రకటించిన ఈ పరిశీలన మీదే తర్వాత స్కిన్నర్ తన సిద్ధాంతాన్ని కట్టారు. ఏ పని చేస్తే కోరుకున్నది దొరుకుతుందో ఆ పని బలపడుతుంది. దీన్నే రీఇన్‌ఫోర్స్‌మెంట్ అంటారు. పావ్లోవ్ కుక్కల కథ వేరు. రెండు విషయాలు పదేపదే జంటగా వస్తే ఒకటి కనపడగానే రెండోదానికి ఒళ్లు సిద్ధమైపోతుందన్నది ఆయన చూపింది. పళ్లెం కనపడగానే మీ బాబు చూపు ఫోను కోసం వెతకడం పావ్లోవ్ లెక్క. ‘వద్దు’ అన్నాక దొర్లడం థార్న్‌డైక్ లెక్క.

ఇందులో మనం గమనించని సంగతి ఇంకొకటుంది. ఫోను ఇచ్చిన మరుక్షణం ఏడుపు ఆగింది కదా! ఆ ప్రశాంతత మీకు దక్కిన బహుమతి. రేపు మీరింకా త్వరగా ఇచ్చేస్తారు. వాడికి మీరు నేర్పుతున్నారు, మీకు వాడూ నేర్పుతున్నాడు.

మరి ఆపడమెలా? 1959లో విలియమ్స్ అనే మనస్తత్వవేత్త ఒక చిన్న నివేదిక ప్రచురించారు. 21 నెలల బాబు. పుట్టాక ఏడాదిన్నర పాటు తీవ్రమైన జబ్బు. సహజంగానే ఇంటిల్లిపాదీ చేతుల్లో పెట్టుకుని చూశారు. జబ్బు తగ్గింది గానీ, నిద్ర పట్టేదాకా ఎవరో ఒకరు పక్కన ఉండాల్సిందే. పక్కనున్నవాళ్లు పుస్తకం తీసినా ఏడుపే. రోజూ అరగంట నుంచి రెండు గంటలు ఇదే పని. బాబు ఆరోగ్యానికి ఢోకా లేదని నిర్ధారించుకున్నాక, ప్రేమగా పడుకోబెట్టి బయటికొచ్చి, మళ్లీ గదిలోకి వెళ్లకూడదని నిర్ణయించుకున్నారు.

మొదటిసారి 45 నిమిషాలు ఏడ్చాడు. ఆ 45 నిమిషాలు తలుపు బయట నిలబడ్డవాళ్ల పరిస్థితి ఊహించండి! పదోసారికి ఏడవలేదు సరికదా, వాళ్లు వెళ్తుంటే నవ్వాడు.

కథ అక్కడ అయిపోలేదు. వారం తర్వాత పడుకోబెట్టడం ఆ ఇంట్లోని పిన్నో, మేనత్తో (ఇంగ్లిష్‌లో రెండింటికీ ఒకే మాట!) వంతు వచ్చింది. బాబు అరిచి గోల చేశాడు. ఆమె మనసు కరిగి వెనక్కి వెళ్లి, నిద్రపోయేదాకా కూర్చుంది. అంతే, ఏడుపు మళ్లీ మొదటికొచ్చింది. మొత్తం ప్రక్రియ మరోసారి చేయాల్సి వచ్చింది. అది పూర్తయ్యాక మాత్రం తర్వాతి రెండేళ్లలో నిద్రవేళ పేచీ లేదు.

ఒక్కరోజు మెత్తబడితే ఇంత నష్టమా అనిపిస్తుంది. ప్రతి ఆటా గెలుస్తామని కాదు కదా, ఎప్పుడో ఒక ఆట గెలుస్తామనే పేకాట రాయుళ్లు లేవరు. అప్పుడప్పుడూ దొరికే బహుమతితో బలపడ్డ అలవాటే అన్నిటికంటే మొండిది. అందుకే నాలుగు రోజులు బిగబట్టి ఐదోరోజు ఇవ్వడం కంటే, ఇవ్వక తప్పదనుకుంటే మొదటి మాటకే ఇచ్చేయడం నయం. ఇంకోటి: ఇవ్వడం మానేసిన కొత్తలో ఏడుపు తగ్గకపోగా పెరగొచ్చు. చాలామంది సరిగ్గా ఆ రోజే చేతులెత్తేస్తారు. దాంతో బిగ్గరగా ఏడిస్తేనే పనవుతుందన్న పాఠం వంటపడుతుంది.

అయితే పట్టించుకోకపోవడం ఒక్కటే వైద్యం కాదు. జ్వరం, చెవినొప్పి, భయం, ఆకలి... వీటితో ఏడిస్తే దగ్గరికి తీసుకోవాల్సిందే. మాటలు రాని పిల్లలు కావాల్సింది ఏడుపుతోనే అడుగుతారు. కార్, డ్యూరాండ్ అనే పరిశోధకులు 1985లో, ఎదుగుదల లోపాలున్న పిల్లలకు సాయం అడగడం నేర్పిస్తే పేచీలు వాటంతటవే తగ్గాయని చూపారు. ఆటిజం ఉన్న పిల్లలకు ఇచ్చే ‘అప్లైడ్ బిహేవియర్ అనాలసిస్’ శిక్షణ పుట్టింది ఈ సూత్రాల్లోంచే. తొలినాళ్లలో అందులో చెంపదెబ్బలు, కరెంటు షాకులూ వాడారు. ఆ చరిత్రను మరుగుపరచక్కర్లేదు. మీ బిడ్డను థెరపీ సెంటర్లో చేర్చేముందు ‘మాట వినకపోతే ఏం చేస్తారు?’ అని తప్పకుండా అడగండి. తలుపేసి లోపలేం జరుగుతోందో చూడనివ్వకపోతే మరో చోటు వెతుక్కోండి.

ఇక మీ ఇంటి సంగతి. ఫోను తీసేస్తే ఆ ఖాళీలో ఏదో ఒకటి ఉండాలి. బాల్కనీలో కూర్చోబెట్టి తినిపించండి, వాడి చేతికే ముద్ద ఇవ్వండి. ఒంపుకొన్నా ఫర్వాలేదు. ఫోను అడక్కుండా మొదటి ముద్ద తిన్నప్పుడు, ఆ క్షణంలోనే ‘అబ్బ, నీ అంతట నువ్వే తింటున్నావే!’ అనండి. భోజనమయ్యాక చెప్తే దేనికి మెచ్చుకున్నారో వాడికి అందదు.

నానమ్మతో మాత్రం ముందే మాట్లాడాలి. ఏడుపు మొదలయ్యాక కాదు. మధ్యాహ్నం, ఆవిడ తీరిగ్గా కాఫీ తాగుతున్నప్పుడు.