గిటారుకు ఎడమిచ్చిన ఆర్కెస్ట్రా

గిటారు మృదుభాషిణి, మీటిన తంత్రి పలికిన మరుక్షణమే నాదము క్షీణించునుగాని, కమానుతో రాయు వయొలిన్‌వలె స్వరమును నిలుపుటయు, కాహళమువలె ఊపిరితో దానిని పెంచుటయు ఆ వాద్యమునకు చేతకాని పనులు. అట్టి దానిని ఆర్కెస్ట్రా అను మహావాద్యబృందము నెదుట కూర్చుండబెట్టి, ఏకవాద్యమునకును బృందమునకును సంవాదము నడిపించు కన్సర్టో అను ప్రక్రియలో నాయకస్థానము నొసగుట సాహసమే యగును. ఆ సాహసమును 19వ శతాబ్దారంభముననే వియన్నాలో ఇటలీ దేశీయుడగు మౌరో జూలియాని చేసియుండెను. అయినను గిటారు కన్సర్టో అనగానే నేడు లోకము స్మరించునది స్పెయిన్ దేశీయుడగు హ్వాకిన్ రొద్రిగో 1939లో పారిస్ నగరమున రచించిన ‘అరన్‌హ్వేథ్ కన్సర్టో’నే.

మూడవయేట డిఫ్తీరియావలన చూపు కోల్పోయిన రొద్రిగో స్వరములను బ్రెయిలీ లిపిలో కూర్చి, పిదప లేఖకునకు చెప్పి వ్రాయించుచుండెడివాడు. పియానో విద్వాంసుడేగాని గిటారు వాయింప నేర్చినవాడు కాడు. మాడ్రిడ్‌కు దక్షిణమున తాహో నదీతీరమందలి అరన్‌హ్వేథ్ రాజోద్యానములను తలచి ఈ రచన చేసితినని చెప్పుచు ఆయన పేర్కొనినవి మాగ్నోలియా పూలతావి, పక్షుల కలకూజితము, జలయంత్రముల సవ్వడి. కంటికి గోచరించునది వానిలో నొక్కటియు లేదు.

ఆయన యుక్తి యెల్ల నిగ్రహమునం దున్నది. ట్రాంబోనులను, చర్మవాద్యములను బొత్తిగా విడిచి, మిగిలినవానిని పొదుపుగా పలికించి, గిటారు గొంతుక వినబడుటకు ఎడము కల్పించెను. రెండవ భాగమగు అడాజియోలో గిటారు మెల్లగా తంత్రులను మీటుచుండగా, కోర్ ఆంగ్లే అను ఓబో జాతి వాద్యము సుదీర్ఘమైన విషాదగీతిని ఆలపించును. గిటారు దానినే అందుకొని సన్నని అల్లికలతో అలంకరించును. ఇట్లు సంవాదము సాగి సాగి, గిటారు ఏకాంతముగా చేసిన విస్తారము పరాకాష్ఠ నందిన పిమ్మటనే బృందమంతయు ఆ గీతిని కంఠమెత్తి పాడును, అప్పుడు గిటారు ఊరకుండును. వీణకు మృదంగమును అణచి వాయించు విద్వాంసుని మెచ్చుకొను మన శ్రోతలకు ఈ ఔచిత్యమును వేరుగ బోధింప నక్కరలేదు. ఈ విషాదమునకు మూలము తొలిచూలును కోల్పోయిన దంపతుల దుఃఖమని రొద్రిగో సతి విక్టోరియా తన స్వీయచరిత్రలో సూచించెను. ఆ సంగతి యెఱుగని వారిని సైతము ఆ గీతి కదలించుచునే యున్నది.

1940 నవంబరు 9న బార్సిలోనాలో రెహీనో సైన్థ్ దె లా మాథా దీనిని తొలిసారి వాయించెను. గిటారు విద్వాంసుడగు ఆండ్రెస్ సెగోవియా కొఱకు రొద్రిగో 1954లో, 17వ శతాబ్దపు గాస్పర్ సాన్థ్ బాణీలను ఆధారముగా గొని, మరియొక రచన చేసెను. అది సొగసైనదేగాని, అడాజియోలోని లోతు నాకందు తోపలేదు. నేడు విశాల సభామందిరములలో పలువురు గిటారు ముందు మైకు నుంచుకొనుచున్నారు. తప్పుపట్టరాదు, కాని మ్రోత నొక్కింత హెచ్చించినచో గిటారుకై రొద్రిగో బృందమును అణచి కూర్చిన పొందిక చెదరిపోవును.