జొన్నగిరి బంగారము - బోరు ఫలితములను రైతు చదువవలసిన తీరు

మన పరపతి సంఘముల సభ్యులకు బంగారము క్రొత్త వస్తువు కాదు. ఖరీఫు పెట్టుబడికి చేత రొక్కము లేనప్పుడు సభ్యుడు ఇంటిలోని నగను తెచ్చి తాకట్టు పెట్టి అప్పు గొనుచున్నాడు. జీడిపిక్కలు గాని కొబ్బరి గాని అమ్ముడుపోయిన తరువాత దానిని విడిపించుకొనుచున్నాడు. తుపాను వచ్చి తోట కూలినను ఆ కాసెడు బంగారమే కుటుంబమును నిలబెట్టుచున్నది. అట్టి లోహము మన రాష్ట్రపు భూమిలోనే కలదనియు, బోరులు వేసి దానిని కనుగొన్నారనియు పత్రికలలో వార్తలు వచ్చుచున్నవి. వానిని చదివిన రైతునకు రెండు ఆలోచనలు కలుగును. ఆ కంపెనీలో వాటా కొన్నచో లాభము వచ్చునేమో యనునది మొదటిది. మన గ్రామములో బోరు వేయుటకు ఎవరైన వచ్చినచో భూమి యేమగునో యనునది రెండవది. ఈ రెండింటికిని ఉపయోగపడునట్లు జొన్నగిరి సంగతిని ఇచ్చట వివరింపబూనితిమి.

జొన్నగిరి పూర్వోత్తరము

జొన్నగిరి కర్నూలు జిల్లా తుగ్గలి మండలములోని గ్రామము. దాని సమీపముననే ఎఱ్ఱగుడి కలదు. అచ్చటి బండలమీద అశోక చక్రవర్తి శాసనములు చెక్కబడియున్నవి. ఆ శాసనముల కాలపు సువర్ణగిరి యీ ప్రాంతమే యని కొందరు చరిత్రకారులు తలంచిరి. తొలకరి వానలు పడగానే వజ్రములను వెదకుటకు జనులు గుంపులుగా వచ్చు చేలు సైతము ఇవియే.

బంగారము దొరకు శిల అన్నిచోట్ల నుండదు. దక్షిణాపథమున అది ముఖ్యముగా ధార్వాడ శిలాశ్రేణి యను అతిప్రాచీనమైన పలకరాతి పట్టీలలో తెల్లని పలుగురాతి చారలను ఆశ్రయించి యుండును. కొలారు, రాయచూరు జిల్లాలోని హట్టి, అనంతపురపు రామగిరి, చిత్తూరి సరిహద్దునందలి చిగురుగుంట, ఈ జొన్నగిరి యన్నియు అట్టి పట్టీలలోనివే. మన తూర్పు కనుమల ఖొండలైటు, చార్నకైటు శిలలు వేరు జాతివి. టెక్కలి నీలిరాయి దేశదేశములకు పోవుచున్నను అది బంగారపు జాతి రాయి కాదు.

1993 సంవత్సరపు జాతీయ ఖనిజ విధానము బంగారము మున్నగు ఖనిజములను ప్రైవేటు పెట్టుబడికి తెరచినది. జొన్నగిరిలో భారత భూగర్భ పరిశోధన శాఖవారు పూర్వమే పరిశీలించియుండిరి. పిమ్మట జియోమైసూరు సర్వీసెస్ అను బెంగుళూరు కంపెనీ అన్వేషణ సాగించి, 2013 లో సుమారు 598 హెక్టార్లకు, అనగా దాదాపు 1,477 ఎకరములకు గని కౌలు పొందినది. బొంబాయి వాటాల బజారులో నమోదైన దక్కన్ గోల్డ్ మైన్స్ అను కంపెనీ దీనిలో సుమారు 40 శాతము వాటా తీసికొన్నది. 2023 లో ఆ కంపెనీవారు ప్రకటించినది యేమనగా: ప్రయోగపు యంత్రములతో నెలకు సుమారు 1 కిలో బంగారము వచ్చుచున్నది, పెద్ద కర్మాగారపు పని సగమునకు మించి ముగిసినది, 2024 చివరకు పూర్తి ఉత్పత్తి ఆరంభమగును, అప్పుడు ఏటా 750 కిలోలు రాగలదు. కాని 2025 లో సహితము అనుమతులు పొందుట, ఉత్పత్తికి సిద్ధపడుట యను పనులే సాగుచుండెను.

కౌలు దొరికిన పండ్రెండేండ్లకు గూడ సంగతి యిట్లుండెను. ఇది ఒక్క కంపెనీ లోపమని తలంపరాదు. గనుల పని ప్రపంచమంతటను ఇట్లే ఆలస్యమగును. కొబ్బరి మొక్క నాటినవాడు ఆరేడేండ్లు కాపునకు వేచియుండును. గనిపై పెట్టుబడి పెట్టినవాడు అంతకు మూడింతలు వేచియుండ వలసిరావచ్చును. తోటలో నాటిన మొక్క కంటికి కనబడును, గనిలోని ఫలము కనబడదు. భేదమంతయు అదియే.

బోరు వేయుట యనగా నేమి

మనము బోరు వేయునది నీటికొరకు. ఖనిజపు బోరు వేయునది రాతికొరకు. బోలుగొట్టపు కొనకు వజ్రపు రవ్వలు పొదిగిన బరమాను అమర్చి రాతిలోనికి త్రిప్పుదురు. గొట్టములోనికి చొచ్చుకొనివచ్చిన రాతికడ్డీని బయటకు తీసి, ఏ లోతున నున్నదో గుర్తు వ్రాసి, అరలుగల పెట్టెలలో వరుసగా పేర్చుదురు. తరువాత ఆ కడ్డీని నిలువున రెండుగా కోసి, ఒక సగము పరీక్షకు పంపుదురు, రెండవ సగము సాక్ష్యముగా భద్రపరతురు. పరీక్షశాలలో రాతిని పిండిచేసి, సీసముతో కరగించి, పుటము పెట్టి, మిగిలిన బంగారపు పూసను తూచుదురు. కంసాలి పుటము పెట్టి నగను శోధించు పద్ధతికి ఇది పెద్దన్న.

ఫలితమును టన్నుకు ఇన్ని గ్రాములని చెప్పుదురు. టన్నుకు 1 గ్రామనగా పది లక్షల పాళ్లలో ఒక పాలు. టన్నుకు 2 గ్రాములున్న రాయి నుండి, కొంచెమైనను నష్టము కాకున్నను, 750 కిలోల బంగారము తీయుటకు 3,75,000 టన్నుల రాయి పిండి కావలయును. దానిని చేరుటకు పైనున్న వట్టి రాయిని వేరుగా తీసి పోగుపెట్టవలయును. పిండియైన రాతినుండి బంగారమును కరగించి తీయుటకు సాధారణముగా సైనైడు వాడుదురు. మిగిలిన బురదను కట్టవేసి నిలువయుంచవలయును. గని చిన్నదైనను చోటు, నీరు, జాగ్రత్త యీ మూడును పెద్దవిగానే కావలసియుండును.

అంకెలను చదువు విధము

ఉద్దానములో నొక బావి నీరు తియ్యగానుండ, ముప్పది గజముల దూరమున నున్న బోరు నీరు ఉప్పగా నుండుట మనమెరిగినదే. బంగారము అంతకంటెను చంచలమైనది. కావున ఒక్క బోరులో మంచి ఫలితము వచ్చినంత మాత్రమున గని యున్నదని కాదు. గెలలు నిండుగా వేసిన ఒక్క చెట్టును చూచి తోటంతయు అట్లే కాచునని వెలకట్టువాడు వ్యాపారి కాజాలడు. వార్తలో బోరు ఫలితము కనబడినప్పుడు నాలుగు సంగతులను విచారింపవలయును.

మొదటిది, సగటు ఎట్లు వచ్చినదని. 10 మీటర్ల పొడవున టన్నుకు 2 గ్రాములని వ్రాసినప్పుడు అది సమముగా పరచుకొని యుండవచ్చును. లేదా ఒక్క మీటరులో 20 గ్రాములుండి తక్కిన తొమ్మిదింటిలో ఏమియు లేకపోవచ్చును. సగటు రెండింటికిని ఒక్కటే.

రెండవది, పొడవు నిజమైన మందమేనా యని. చార ఏటవాలుగా నుండి బోరు దానివెంట దిగినచో, 5 మీటర్ల మందముగల చార 10 మీటర్లుగా కనబడవచ్చును.

మూడవది, ఫలింపని బోరులెన్ని యని. పది వేసి, మంచి వచ్చిన రెండింటిని చాటినచో ఆ వార్త అబద్ధము కాదు గాని, నిజము మాత్రము సగమే.

నాలుగవది, చెప్పునది వనరా, నిల్వయా యని. భూమిలో ఇంత యుండవచ్చునని లెక్కగట్టినది వనరు. ఖర్చులు పోగా లాభసాటిగా తీయగలమని తేల్చినది నిల్వ. పొలములోని పంటకును, అప్పులు తీర్చగా ఇంటికి చేరిన గింజకును గల భేదమే దీనికిని కలదు.

మోసముల చరిత్ర

బంగారు వార్తకు జనులు మోసపోవుట క్రొత్తగాదు. 1880 ప్రాంతమున వయనాడు కొండలలో బంగారమున్నదని లండనులో ముప్పదికి పైగా కంపెనీలు లేచి, కొలది యేండ్లలోనే కూలిపోయినవి. ఆ కాలముననే మొదలైన కొలారు మాత్రము నిలిచినది. 120 సంవత్సరములు పనిచేసి సుమారు 800 టన్నుల బంగారమిచ్చి, మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు పోయి, 2001 ఫిబ్రవరి 28 వ తేదీన మూతబడినది. తొలినాళ్లలో టన్నుకు పదులకొలది గ్రాములిచ్చిన శిల చివరకు కొలది గ్రాములకు దిగినది. చిత్తూరు వైపునుండి వెళ్లిన తెలుగు కార్మికులు ఎందరో అచ్చట పనిచేసిరి. గని పోయినను సైనైడు మట్టి దిబ్బలు మాత్రము ఊరిని విడువలేదు.

అన్నింటికంటె పెద్ద పాఠము బ్రీ-ఎక్స్ అను కెనడా కంపెనీది. ఇండోనీషియా దేశములోని బుసాంగు అడవిలో రెండువేల టన్నులకు మించిన బంగారము కలదని అది చాటినది. వాటాల విలువ మొత్తము ఆరువందల కోట్ల డాలర్ల వరకు ఎగబ్రాకినది. 1997 లో మరియొక కంపెనీవారు అదే చోట తిరిగి బోరులు వేయగా బంగారము కానరాలేదు. పిండిచేసిన నమూనాలలో బయటి బంగారపు పొడిని కలిపిరని పిమ్మట తేలినది. వారు రాతికడ్డీని సగము దాచక అంతయు పిండిచేసిరి. సరిచూచుటకు సాక్ష్యమే మిగులలేదు. పింఛను నిధులు, సామాన్యుల పొదుపులు అందు మునిగిపోయినవి. దాచిన రెండవ సగము విలువ ఇట్టి సమయమున తెలియును. మన సంఘపు చిట్టాకు తనిఖీదారుడెట్లో, బోరునకు ఆ సగమట్లు.

జొన్నగిరి విషయమున ఇట్టి దోషమేదియు మేము చెప్పుటలేదు. అచ్చట బంగారము వాస్తవముగా వచ్చినది. విధానమును తెలియక సొమ్ము పెట్టరాదనుటయే మా యుద్దేశము.

దేశమునకెంత, గ్రామమునకెంత

భారతదేశము ఏటా సుమారు 700 మొదలు 800 టన్నుల వరకు బంగారమును దిగుమతి చేసికొనుచున్నది. దేశములో తీయునది సుమారు టన్నున్నర మాత్రమే. అందు అధికభాగము హట్టి గనిదే. జొన్నగిరి 750 కిలోలిచ్చినచో స్వదేశోత్పత్తికి సగము కలిసినట్లగును. దిగుమతి లెక్కలో అది వెయ్యింట ఒక పాలు. కావున దేశమునకు అది గౌరవమే గాని, నగల ధర దీనివలన తగ్గునని ఆశపడనక్కరలేదు.

ఇక గ్రామమునకు వచ్చునది. బంగారముపై రాయల్టీ నూటికి 4 పాళ్లు. 750 కిలోలకు సుమారు 30 కిలోల విలువ రాష్ట్ర ఖజానాకు చేరును. 2015 సవరణ చట్టమువలన జిల్లా ఖనిజ నిధి ఏర్పడినది. అంతకు ముందు ఇచ్చిన కౌళ్లపై రాయల్టీలో నూటికి 30 వంతులకు సమానమైన సొమ్మును కంపెనీ అదనముగా ఆ నిధికి చెల్లింపవలెను. అనగా సుమారు 9 కిలోల విలువ. త్రాగునీరు, ఆరోగ్యము, విద్య మున్నగువానికి మొదట దానిని ఖర్చుపెట్టవలయునని నిబంధన. అడుగువారు లేనిచో నిధి ఊరికి చేరుట దుర్లభము.

మన తీరమునకు దీనితో పనియేమి

మన వైపు బంగారము లేకున్నను ఖనిజము లేకపోలేదు. శ్రీకాకుళపు సముద్రతీరపు ఇసుకలో ఇల్మనైటు, గార్నెట్టు, సిల్లిమనైటు, జిర్కాను, మోనజైటు అను బరువు ఖనిజములు కలవు. మోనజైటులో థోరియము అను అణుశక్తికి పనికివచ్చు ధాతువుండుటచే కేంద్ర ప్రభుత్వ అణుఖనిజ శాఖవారు తీరమున బోరులు వేసి లెక్కలు కట్టుదురు. గార మండలములో ప్రైవేటు త్రవ్వకము కొంతకాలము జరిగినది. 2019 లో కేంద్రప్రభుత్వము అట్టి ప్రైవేటు కౌళ్లను నిలిపివేసినది. ఇసుక మాత్రము అచ్చటనే యున్నది, దాని విలువయు పెరుగుచున్నది. కావున బరమాలు మరల రావచ్చును.

ఉద్దానమునకు ఇసుకదిబ్బ ఖనిజపు గుట్ట మాత్రమే కాదు. అది సముద్రమునకు అడ్డుగోడ. వాననీటిని తనలో నిలిపి, ఉప్పునీటిని వెనుకకు నెట్టు చెలమ. జీడితోటకును సరుగుడునకును ఆధారము. 2013 లో ఫైలిన్, 2018 లో తిత్లీ తుపానులు తోటల నెట్లు నేలగూల్చెనో చెప్పనక్కరలేదు. మూత్రపిండముల వ్యాధితో బాధపడు ఈ ప్రాంతమునకు హిరమండలము జలాశయమునుండి గొట్టములద్వారా నీరు తెచ్చు పథకము 2023 డిసెంబరులో ప్రారంభింపబడినది. అంత దూరమునుండి నీరు తెచ్చుకొను చోట, ఉన్న తీపినీటి పొరను చెరచుకొనుట తగునా? మాటాడవలసిన కాలమున మాట సాగనిచో ఏమగునో 2010 లో సోంపేట బీల, 2011 లో కాకరాపల్లి చూపినవి. అచ్చట ప్రాణములే పోయినవి.

సభ్యులకు మనవి

కావున సోదర కర్షకులారా, బోరు యంత్రము ఊరికి వచ్చినప్పుడు కోపముతో గాని ఆశతో గాని కాక కాగితముతో ఎదురుపడుడు.

ఎవరి అనుమతిపై, ఏ సర్వే నంబరులలో, ఎన్ని బోరులు వేయుదురో వ్రాతపూర్వకముగా అడుగుడు. వేసిన బోరును పూడ్చు బాధ్యత యెవరిదో వ్రాయించుకొనుడు; తెరచియున్న బోరు ఉప్పునీటికి దారి. గని కౌలు దొరికినంత మాత్రమున మీ సాగుభూమి కంపెనీది కాజాలదు. ప్రభుత్వము భూమిని సేకరించినచో 2013 భూసేకరణ చట్టము ప్రకారము విలువకు నూటికి నూరు పరిహారపు అదనము, చెట్లకు వేరుగా వెల, సామాజిక ప్రభావ విచారణ కలవు. కంపెనీకి మీరే సొంతముగా అమ్మినచో ఆ రక్షణలన్నియు తమంతట తాము వెంటరావు. బేరమాడిన ధరయే మిగులును. ఒంటరిగా సంతకము చేయక సంఘములో చదివించిన తరువాత చేయుడు.

బహిరంగ విచారణకు ముప్పది దినముల ముందు ప్రకటన చేయవలయునని 2006 పర్యావరణ ప్రకటన చెప్పుచున్నది. నివేదిక సారాంశము తెలుగులో నుండవలయును. దానిని సంఘ కార్యాలయమునకు తెప్పించి పదిమంది యెదుట చదివింపుడు. మన బావుల నీటిని ఆనాడే పరీక్ష చేయించి ఆ ఫలితమును దాచుకొనుడు. ముందునాటి లెక్క లేనివాడు తరువాతి నష్టమును నిరూపింపజాలడు.

ఇక వాటాల మాట. విత్తనమునకును, పిల్లల చదువునకును, వైద్యమునకును ఉంచిన సొమ్మును బోరు వార్తను నమ్మి పెట్టరాదు. నగ తాకట్టు పెట్టి తెచ్చిన అప్పును గనిలో పెట్టుట చేతిలోని బంగారమును విడిచి భూమిలోని బంగారమును పట్టబోవుటయే. జొన్నగిరి గని వర్ధిల్లుగాక. అచ్చటి రైతునకు రావలసిన పాలు అందుగాక. మన పాలు మాత్రము మన లెక్కలో, మన చిట్టాలో, మన ఐకమత్యములో నున్నది.